పొలం అమ్మి ఏఐ కోర్సు చేయాలా?

ప్రశ్న

విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు ప్రచురించవద్దని కోరారు కనుక ఆమె పరిస్థితిని మా మాటల్లో క్లుప్తంగా ఇస్తున్నాం.

ఆమె వయసు 29 సంవత్సరాలు. విజయనగరంలో బి.కాం. చదివి, ఆరేళ్లుగా విశాఖపట్నంలోని ఒక బి.పి.ఓ. సంస్థలో పని చేస్తున్నారు. విదేశీ ఆన్‌లైన్ దుకాణంలో సరుకు కొన్నవారు డబ్బు వాపసు రాలేదనో, పార్సిల్ పగిలి వచ్చిందనో చేసే ఫిర్యాదులకు చాట్‌లో సమాధానం ఇవ్వడం ఆమె పని. జీతం నెలకు 24,000 రూపాయలు. ఏడాది కిందట ఆ పనిలోకి కృత్రిమ మేధ (ఏఐ) వచ్చింది. ఫిర్యాదు తెర మీద పడగానే దాని కిందే యంత్రం రాసిన సమాధానం బూడిదరంగు అక్షరాల్లో కనిపిస్తుంది. సరిగ్గా ఉంటే ఆమె ఆమోదించి పంపాలి. తప్పుంటే దిద్ది, ఎందుకు తప్పో అక్కడున్న జాబితాలోంచి ఒక కారణం ఎంచాలి. 38 మంది ఉన్న బృందం ఇప్పుడు 17కు తగ్గింది. "నా కుర్చీలోకి రాబోయేదానికి షిఫ్టంతా కూర్చుని నేనే పని నేర్పుతున్నాను. వెళ్లిపోయినవాళ్లు గుర్తొస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టు ఉంటుంది" అని రాశారు. "నువ్వే రాజీనామా ఇచ్చేస్తే అనుభవ పత్రం బాగా రాయిస్తాను" అని టీమ్ లీడ్ ఇటీవల చెప్పారట.

తండ్రి ఒకప్పుడు జూట్ మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడ్డాక కౌలుకు సాగు చేస్తూ ఇల్లు నడిపారు. సొంతంగా ఉన్నది రోడ్డు వారన 70 సెంట్ల మెట్ట. మిల్లు లేని ఆ ఏళ్లలో అందులో పండిన మొక్కజొన్న, నువ్వులే తమను ఆదుకున్నాయని ఆమే రాశారు. ఇప్పుడు హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల ఏఐ కోర్సుకు 2,40,000 రూపాయలు అడుగుతూ, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటోంది. ఇంటర్ పూర్తి చేసిన తమ్ముడికి ఈఏపీసెట్ ర్యాంకు ప్రకారం దగ్గరి కళాశాలలో కన్వీనర్ కోటాలో ఎలక్ట్రికల్ బ్రాంచి వస్తుంది. అతడు మాత్రం కంప్యూటర్ సైన్స్‌లో ఏఐ బ్రాంచే కావాలంటున్నాడు. అది మేనేజ్‌మెంట్ కోటాలో తప్ప రాదు. ఈ రెంటికీ కలిపి పొలం అమ్మేస్తానని తండ్రి నిశ్చయించారు. బ్రోకరు వచ్చే నెల బయానా ఇస్తానంటున్నాడు. "నానుండగా నీకేటి భయమమ్మా" అని తండ్రి అన్నప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయానని, తన కారణంగా ఆ భూమి పోతే భరించలేనని, అలాగని చదువుకోకుండా ఉంటే ఉద్యోగం పోయి రోడ్డున పడతానేమోనని భయంగా ఉందని ఆమె రాశారు. ఏం చేయమంటారని అడిగారు.

సమాధానం

అమ్మా,

మీ ఉద్యోగం ఏమవుతుందన్నది ఒక ప్రశ్న. మీరు కొత్తగా ఏం నేర్చుకోవాలన్నది మరొకటి. తమ్ముడు ఏ బ్రాంచిలో చేరాలన్నది పూర్తిగా వేరే విషయం. ఈ మూడింటి బరువూ తెచ్చి మీ ఇంట్లో అందరూ ఒకే 70 సెంట్ల మీద పెట్టారు. అందుకే మీకు ఊపిరి ఆడటం లేదు. వీటిలో తేదీ ముంచుకొస్తున్నది తమ్ముడి కౌన్సెలింగ్‌కు మాత్రమే, అదైనా పొలం అమ్మితేనే జరిగే పని కాదు. బ్రోకరు చెప్పిన గడువు అతడి అవసరం కొద్దీ పెట్టుకున్నది.

ముందు మీ మనసులోని అపరాధ భావం గురించి చెప్పాలి. మీరెవరి పొట్టా కొట్టలేదు. ఆ సాఫ్ట్‌వేర్ కొనాలని, బృందాన్ని సగానికి తగ్గించాలని నిర్ణయించినప్పుడు మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరు దిద్దనంటే ఆ పని ఇంకో ఊళ్లో ఇంకొకరు దిద్దుతారు, వెళ్లిపోయినవాళ్లు మాత్రం తిరిగి రారు. అయితే మీ బాధ వెనుక ఒక నిజం ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. మీరు దిద్దుతున్న ప్రతి సమాధానానికీ విలువ ఉంది. మీ పని పెరిగిన కొద్దీ ఆ విలువ సంస్థకు పోగవుతోంది, మీ జీతంలోకి మాత్రం రావడం లేదు. కృత్రిమ మేధ ఆర్థిక ప్రభావం గురించి జరుగుతున్న చర్చ అంతా చివరికి వచ్చి ఆగేది ఇక్కడే: పెరిగిన ఉత్పాదకతలో ఎవరి వాటా ఎంత?

సరిగ్గా మీలాంటి పని మీదే అమెరికాలో ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. చాట్‌లో వినియోగదారులకు సమాధానాలిచ్చే 5,000 మందికి పైగా ఉద్యోగులను వారు పరిశీలించారు. వారిలో ఎక్కువ మంది ఫిలిప్పీన్స్‌లో ఉండి పని చేసేవారు. యంత్రం సూచనలు అందాక ఒక్కొక్కరు గంటలో పరిష్కరించే ఫిర్యాదులు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవారికి, నైపుణ్యం తక్కువ ఉన్నవారికి ఆ పెరుగుదల 34 శాతం. బాగా అనుభవం ఉన్నవారికి దాదాపు ఏ లాభమూ లేదు. కారణం ఏమిటంటే, ఏ సమాధానం పని చేస్తుందో ఆ యంత్రం నేర్చుకున్నదే సమర్థులైన ఉద్యోగుల సంభాషణల్లోంచి. ఆరేళ్లలో మీరు సంపాదించిన మెళకువ నిన్న చేరిన అమ్మాయికి మొదటి వారంలోనే తెర మీద దొరికేస్తోంది. ఆ అమ్మాయికి అది మేలే. కానీ "అనుభవం ఉంది కనుక నాకు ఎక్కువ ఇవ్వాలి" అనే మీ బేరం బలహీనపడింది. మీ సంస్థ మిమ్మల్ని సాగనంపడానికి ఎందుకు వెనుకాడటం లేదో ఇందులో కొంత అర్థమవుతుంది. మీ పనితనంలో లోపం ఉండి కాదు.

అయితే మీ పని మొత్తం పోతుందని అనుకోవడానికీ ఆధారం లేదు. స్వీడన్‌కు చెందిన క్లార్నా అనే చెల్లింపుల సంస్థ, తమ చాట్ యంత్రం 700 మంది ఉద్యోగులు చేసేంత పని చేస్తోందని 2024 ఫిబ్రవరిలో ఘనంగా ప్రకటించింది. 2025 వచ్చేసరికి ఆ సంస్థ అధినేతే ఖర్చు తగ్గించుకునే తొందరలో నాణ్యత పడిపోయిందని ఒప్పుకుని, వినియోగదారులతో మాట్లాడటానికి మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టారు. పార్సిల్ ఎక్కడుందో చెప్పడం యంత్రానికి తేలిక. రెండుసార్లు డబ్బు కోసుకున్నారని, అందులో ఒకటి పెళ్లి కోసం కొన్న బట్టలదని, సరుకు తిప్పి పంపినా రసీదు పోయిందని ఒక మనిషి కోపంగా రాసినప్పుడు నియమాన్ని ఎంతవరకు సడలించాలో తేల్చడం ఇంకా మనిషి పనే. మీ బృందంలో మిగిలిన 17 మంది దగ్గరికి ఇప్పుడు వస్తున్నవి ఎక్కువగా ఇలాంటివే అయి ఉంటాయి.

మన ప్రాంతంలోనే ఇలాంటి మార్పు ఒకటి జరిగింది. పలాస, కాశీబుగ్గల జీడిపప్పు పరిశ్రమలో ఒకప్పుడు ఆడవాళ్లు వరుసగా కూర్చుని చేత్తో పిక్కలు కొట్టేవారు. పెంకులోని జీడినూనె తగిలి వేళ్లు నల్లబడి చర్మం పగిలేది. కోత యంత్రాలు వచ్చాక ఆ పని చాలామటుకు వాటికి పోయింది. పప్పుకు అంటిన పొర గీకడం, గుండు, బద్ద, నూక అని రకాలు వేరు చేయడం వంటివి చేతులకు మిగిలాయి. పని పోయిందా మిగిలిందా అంటే రెండూ నిజమే. చేతులు కాలే కష్టం తగ్గిందన్నది నిజం, పిక్క కొట్టడం ఒక్కటే తెలిసినవారికి కూలి తగ్గిందన్నదీ నిజం. యంత్రం ఎప్పుడూ ఒక ఉద్యోగాన్ని ఒక్క దెబ్బతో తీసుకుపోదు. అందులోని కొన్ని పనులను లాక్కుంటుంది. మిగిలిన పనులు ఎవరి చేతికి వస్తాయి, ఎంత కూలికి వస్తాయి అన్నది తరువాత తేలుతుంది. అంతర్జాతీయ ద్రవ్య నిధి 2024 జనవరిలో ఇచ్చిన అంచనా ప్రకారం మనలాంటి దేశాల్లో సుమారు 40 శాతం ఉద్యోగాలపై కృత్రిమ మేధ ప్రభావం ఉంటుంది. ప్రభావం ఉంటుందన్నారే గానీ అవన్నీ పోతాయని అనలేదు. చాలామంది ఈ రెంటినీ ఒకటిగా చదివి భయపడుతున్నారు.

ఇక మీ ఉద్యోగం సంగతి. టీమ్ లీడ్ మాట విని ఇప్పుడే రాజీనామా రాయకండి. పర్యవేక్షక హోదా లేని ఉద్యోగి ఏడాదికి మించి నిరంతరాయంగా పని చేశాక, పని లేదని తొలగించాలంటే నెల ముందు నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇచ్చి, పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలన్నది మన కార్మిక చట్టాల్లో దశాబ్దాలుగా ఉన్న సూత్రం. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దాన్ని కొనసాగించింది. అలా తొలగించిన ప్రతి ఒక్కరి పేరిట మరో 15 రోజుల వేతనాన్ని నైపుణ్య శిక్షణ నిధికి యాజమాన్యం జమ చేయాలని కూడా అందులో చేర్చారు. మీ 24,000 జీతం, ఆరేళ్ల సర్వీసు లెక్కన పరిహారమే దాదాపు 72,000 రూపాయలు అవుతుంది, నోటీసు జీతం దానికి అదనం. మీరే రాజీనామా రాస్తే ఈ రెండూ పోతాయి. ఐదేళ్లు దాటాయి కనుక గ్రాట్యుటీ మాత్రం రాజీనామా చేసినా వస్తుంది. మీ మూలవేతనం 12,000 అనుకుంటే అది సుమారు 41,500 రూపాయలు. అనుభవ పత్రాన్ని ఎవరో దయతలచి ఇచ్చేదిగా చూడకండి, ఆరేళ్లు పని చేసిన మీకు అది దక్కవలసిందే. మీ హోదా చట్టం కిందికి వస్తుందో లేదో నియామక పత్రం తీసుకెళ్లి కార్మిక శాఖ కార్యాలయంలో ఒకసారి చూపించండి. సంస్థ నుంచి వచ్చే ప్రతి మాటనూ మెయిల్‌లో పెట్టమని మర్యాదగా అడగండి. "సార్, మీరు చెప్పినది ఒకసారి రాసి పంపిస్తే ఇంట్లో మాట్లాడి చెబుతాను" అంటే చాలు.

అక్కడే కొనసాగాలా అన్నది దీని తరువాతి ప్రశ్న. ఉండిపోతే జీతం వస్తూ ఉంటుంది, వెతుక్కోవడానికి వ్యవధి దొరుకుతుంది. ప్రతి సోమవారం "ఈ వారం ఎవరి వంతో" అన్న ఆందోళన కూడా మీతోనే ఉంటుంది, దాన్ని తక్కువ చేసి చెప్పలేను. ఉన్నంతకాలం పని రకాన్ని మార్చుకునే ప్రయత్నం చేయండి. యంత్రం సమాధానాల నాణ్యత పరిశీలించే బృందం, మోసపు వాపసులను పసిగట్టే బృందం, నియమావళి రాసే బృందం మీ సంస్థలో ఉంటే అక్కడికి బదిలీ అడగండి. రోజూ దిద్దుతున్నారు కనుక యంత్రం ఎక్కడెక్కడ, ఎందుకు తడబడుతుందో మీకు తెలిసినంతగా మీ మేనేజర్‌కు కూడా తెలియదు. ఖాతాదారుల వివరాలు లేకుండా ఆ తప్పుల రకాలను ఒక కాగితం మీద పెట్టుకోండి. బదిలీ అడిగేటప్పుడు, వేరే చోట ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు అదే మీ అర్హత. అయితే అలాంటి స్థానాలు కొద్దిగా ఉంటాయి, దక్కినా రెండు మూడేళ్లలో అక్కడా మార్పు రావచ్చు. దీన్ని గమ్యంగా కాకుండా మధ్యలో దొరికిన ఆసరాగా చూడండి.

మీ ఉత్తరంలో బి.కాం. ప్రస్తావన ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. నన్నడిగితే మీ దగ్గరున్న గట్టి ఆస్తుల్లో అదొకటి. వాపసులు, చెల్లింపుల తేడాలు, ఇన్‌వాయిస్‌లు ఆరేళ్లుగా చూస్తున్న కామర్స్ పట్టభద్రురాలికి లెక్కల పని దూరపు చుట్టం కాదు. విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం వంటి చోట్ల రైస్ మిల్లులు, ఎరువుల దుకాణాలు, ఆసుపత్రులు, కాంట్రాక్టర్లు జీఎస్‌టీ రిటర్నులకు, బిల్లుల లెక్కలకు మనిషి కోసం వెతుక్కుంటూనే ఉంటారు. కామర్స్ డిగ్రీ ఉన్నవారు నమోదు చేసుకుని, నిర్దేశిత పరీక్ష రాసి జీఎస్‌టీ ప్రాక్టీషనర్, అంటే వ్యాపారుల తరఫున రిటర్నులు దాఖలు చేసేవారు, కావచ్చు. ఈ రంగానికి కృత్రిమ మేధ సోకదని నేను చెప్పను. బిల్లు చూసి అంకెలు ఎక్కించే పని ఇప్పటికే యంత్రానికి పోతోంది. కానీ నోటీసు వచ్చినప్పుడు మిల్లు యజమాని ఫోన్ చేసేది తనకు తెలిసిన మనిషికి, ఆ లెక్కకు పూచీ పడే మనిషికి. ఈ దారిలో మొదటి ఏడాది రెండేళ్లు రాబడి ఇప్పటి జీతంలో సగానికే రావచ్చు. మరోవైపు విశాఖ హాస్టలు ఖర్చు, వారం వారం ప్రయాణం మిగులుతాయి. పెరుగుదల నిదానంగా ఉంటుంది కానీ పరిచయాలు మీవే అవుతాయి, ఏ సంస్థా తీసుకుపోలేదు. ముందు ఉద్యోగం మానకుండా, సెలవు రోజుల్లో ఒక ఆడిటరు గారి దగ్గర పని చూసి, అది మీకు పడుతుందో లేదో తేల్చుకోవచ్చు.

ఇప్పుడు ఆ 2,40,000 రూపాయల కోర్సు. అది మీ పది నెలల జీతం. నేర్చుకోవడం వద్దని నేను ఎన్నటికీ అనను, మీరు తప్పకుండా నేర్చుకోవాలి. కానీ "ఏఐ ఉద్యోగం" అనే మాట కింద వేర్వేరు పనులున్నాయి. ఆ యంత్రాలను తయారు చేసే పనికి లోతైన గణితం, ప్రోగ్రామింగ్, చాలాసార్లు పైచదువు కావాలి. అది ఆరు నెలల్లో ఎవరూ నేర్పలేరు. ఆ యంత్రాలను తమ పనిలో నేర్పుగా వాడుకోవడానికి కావలసింది వేరు, దానికి లక్షలు అక్కరలేదు. ఐ.ఐ.టి.లు, ఐ.ఐ.ఎస్‌సి. కలిసి నడిపే ఎన్‌పీటెల్, కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' అనే ఆన్‌లైన్ వేదికల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, గణాంకాలు, మెషీన్ లెర్నింగ్ (సమాచారం నుంచి యంత్రం తానే నేర్చుకునే పద్ధతి) పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్షకు కొద్దిపాటి రుసుము. మూడు నెలలు రోజుకు గంట చొప్పున అందులో కూర్చుని చూడండి. అది నచ్చి ఇంకా ముందుకు వెళ్లాలనిపిస్తే, ఎంత ఖర్చు పెట్టాలన్నది అప్పుడు తెలిసి నిర్ణయిస్తారు. నచ్చకపోతే పోయేది మూడు నెలల సాయంత్రాలు.

ఆ సంస్థ వైపే మనసు లాగితే, వారిని కొన్ని విషయాలు అడిగి రాతలో తీసుకోండి. కిందటి బ్యాచిలో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఏ సంస్థలో ఏ హోదాలో ఉద్యోగం వచ్చింది, వారిలో ఇద్దరితో మాట్లాడనిస్తారా? ప్లేస్‌మెంట్ అంటే ఇంటర్వ్యూకు పంపడమా, నియామక పత్రమా? ఉద్యోగం రాకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో వాపసు ఇస్తారు? "ఇప్పుడు డబ్బు కట్టక్కరలేదు, నెలనెలా కిస్తీ" అంటే మరింత జాగ్రత్త పడాలి. అలాంటి చోట్ల చాలాసార్లు ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున అప్పు రాసి, మొత్తం సొమ్మును శిక్షణ సంస్థకు ముందే ఇచ్చేస్తుంది. మీరు మధ్యలో మానేసినా, ఆ సంస్థ తలుపులు మూసేసినా కిస్తీ మీరే కట్టాలి. వీటికి సూటిగా జవాబు రాకపోతే ఇక ఆలోచించనక్కరలేదు.

విశాఖకు గూగుల్ వస్తోంది, వేల ఉద్యోగాలు వస్తాయి, ఇప్పుడే సిద్ధం కావాలని ఆ శిక్షణ సంస్థ వారు మీకు చెప్పినట్టు రాశారు. వార్త నిజమే. విశాఖలో ఏఐ కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. అయితే అందులో ప్రధానమైనది డేటా సెంటర్, అంటే వేల కంప్యూటర్లను ఒకచోట పెట్టి నడిపే కేంద్రం. అది ఎలాంటి పరిశ్రమో తెలుసుకోవాలి. పెట్టుబడిలో పెద్ద భాగం కంప్యూటర్ చిప్‌లకు, విద్యుత్తుకు, చల్లబరిచే ఏర్పాట్లకు పోతుంది. నిర్మాణం సాగినంతకాలం చాలామందికి పని ఉంటుంది, కట్టడం పూర్తయ్యాక ఒక్కో కేంద్రాన్ని నడిపేవారు కొన్ని పదుల నుంచి కొన్ని వందల మందే. వారిలోనూ ఎలక్ట్రికల్, కూలింగ్, జనరేటర్లు, నెట్‌వర్క్ కేబుళ్లు, భద్రత చూసేవారు ఎక్కువ. ఆ ప్రాజెక్టు చుట్టూ ఇతర సంస్థలు వచ్చి ఉద్యోగాలు పెరగవచ్చు, పెరగాలని మీలాగే నేనూ కోరుకుంటున్నాను. కానీ ఆరు నెలల సర్టిఫికెట్‌కూ దానికీ నేరుగా ముడి లేదు.

తమ్ముడి విషయానికి ఈ మాట బాగా పనికొస్తుంది. ఎలక్ట్రికల్ బ్రాంచి వస్తే బతుకు పాడైపోయినట్టు అతడు బాధపడుతున్నాడన్నారు. విద్యుత్తు లేనిదే కృత్రిమ మేధ ఒక్క అక్షరం పలకదని అతడికి ఎవరూ చెప్పి ఉండరు. డేటా సెంటర్లకు, భోగాపురం విమానాశ్రయానికి, సౌర విద్యుత్తు కేంద్రాలకు కావలసింది ఆ చదువే. దానితో పాటు కంప్యూటర్ సైన్స్‌లోనో మెషీన్ లెర్నింగ్‌లోనో మైనర్ (ప్రధాన బ్రాంచికి తోడుగా చదివే అదనపు కోర్సులు) చేసే వీలు చాలా కళాశాలల్లో ఉంది, ఆ కళాశాలలో ఉందో లేదో కనుక్కోండి. కన్వీనర్ కోటాలో చేరితే, కుటుంబానికి అర్హత ఉన్నప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వర్తిస్తుంది.

మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐ బ్రాంచి తీసుకోవడం తప్పని నేను చెప్పడం లేదు. దానిలోని నష్టభయాన్ని చూసి తీసుకోవాలంటున్నాను. పెద్ద ఐటీ సంస్థ టి.సి.ఎస్. 2025 జూలైలో సుమారు 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. అవి ఎక్కువగా మధ్య, పై స్థాయి ఉద్యోగాలేనని, కారణం ఏఐ కాదని ఆ సంస్థ చెప్పింది. తమ్ముడికి అంతకంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. అమెరికా జీతాల రికార్డులను పరిశీలించి అదే బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం 2025 ఆగస్టులో తేల్చింది ఏమిటంటే, కృత్రిమ మేధ ప్రభావం అత్యధికంగా ఉన్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్ల వారి ఉపాధి మిగతావారితో పోలిస్తే 13 శాతం తగ్గింది. సాఫ్ట్‌వేర్ రాయడం ఆ వృత్తుల్లో ఒకటి. అదే వృత్తుల్లో పెద్ద వయసువారికి అంత దెబ్బ తగలలేదు. చదువు ముగించి మొదటి మెట్టు ఎక్కేవారికే ఆ మెట్టు ఇరుకవుతోంది. ఇది అమెరికా లెక్క, నాలుగేళ్ల తరువాత మన దగ్గర ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ రంగంలో మహామహుల జోస్యాలే తప్పాయి. నేటి కృత్రిమ మేధకు పునాది అయిన న్యూరల్ నెట్‌వర్కులకు ఆద్యుల్లో ఒకరైన జెఫ్రీ హింటన్, ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసి చెప్పే పని యంత్రమే చేస్తుంది కనుక ఇక రేడియాలజిస్టులకు (ఆ పని చేసే వైద్యులకు) శిక్షణ ఇవ్వడం ఆపేయాలని 2016లో అన్నారు. 2024లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది గానీ రేడియాలజిస్టుల కొరత ఇంకా తీరలేదు. కనుక నాలుగేళ్ల తరువాతి మార్కెట్‌ను ఊహించి బ్రాంచి పేరు మీద భూమి పెట్టడం కంటే, అబ్బాయికి గణితం మీద ఇష్టముందా, రోజూ కూర్చుని సాధన చేసే ఓపిక ఉందా అన్నది చూడటం నయం. అవి ఉంటే ఏ బ్రాంచిలో ఉన్నా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటాడు. లేకపోతే బ్రాంచి పేరు అతడిని గట్టెక్కించదు. ఇదంతా విన్నాక కూడా అతడు పట్టుబడితే, పొలం జోలికి పోకుండా విద్యారుణం అడగండి. 4 లక్షల రూపాయల వరకు బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడగవు. మేనేజ్‌మెంట్ సీటుకు ఇస్తారో లేదో సీటుకు డబ్బు కట్టక ముందే బ్యాంకులో తేల్చుకోవాలి. ఆ అప్పు తీర్చవలసినది తానేనని అతడికి తెలిసి ఉండాలి.

పొలం గురించి నా అభిప్రాయం దాచను. ఈ నిర్ణయాలన్నిటిలో వెనక్కి తీసుకోలేనిది అది అమ్మడం ఒక్కటే. కోర్సు నచ్చకపోతే మానవచ్చు, ఉద్యోగం మారవచ్చు, బ్రాంచి వేరైనా దారి మళ్లవచ్చు. రోడ్డు వారన ఉన్న 70 సెంట్లను ఒకసారి రిజిస్టరు చేసి ఇచ్చాక, మీ జీతాలతో మళ్లీ ఆ ధరకు కొనడం దాదాపు అసాధ్యం. దాని ధర పెరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. ఉద్యోగాల మార్కెట్ ఇంత అస్థిరంగా ఉన్న రోజుల్లో ఒక కుటుంబానికి చేతిలో మిగిలిన స్థిరమైన ఆస్తిని, ఫలితం తెలియని రెండు సర్టిఫికెట్ల కోసం ఒకేసారి వదులుకోవడం మాత్రం నాకు సబబుగా తోచడం లేదు. అమ్మకం తప్పదనుకునే రోజు నిజంగా వస్తే, ముందు కౌలుకివ్వడం, పట్టాదారు పాసుపుస్తకం మీద బ్యాంకు రుణం వంటివి చూశాకే ఆ మాట ఎత్తాలి.

నాన్నగారితో మాట్లాడటం వీటన్నిటికంటే కష్టమని నాకు తెలుసు. ఆయనకు భూమి మీద ప్రేమ లేక అమ్ముతానంటున్నారని అనుకోకండి. తనకు మిల్లులో జరిగినది తన కూతురికి జరుగుతుందని ఆయన భయం. ఆ భయాన్ని కాదనకుండా, ఆ రోజుల గురించే ఆయనను అడగండి. ప్లాస్టిక్ సంచులు వచ్చినప్పుడే గోనె సంచి పని అయిపోయిందని చాలామంది అన్నారు. ఆహార ధాన్యాలను జనపనార సంచుల్లోనే నింపాలని 1987లో కేంద్రం చట్టం చేయబట్టి ఆ పరిశ్రమ దేశంలో ఇంకా నిలిచింది, అలా నిలిచినా మన జిల్లాలో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. ముడి సరుకు, విద్యుత్తు, యాజమాన్యం, జీతాల బకాయిలు, వీటిలో దేని వల్ల ఎంత నష్టం జరిగిందో ఆయనకు తెలిసినట్టు నాకు తెలియదు. కార్మికులకు రావలసిన బకాయిలు అందాయా, ఎవరు ముందే రాజీనామా రాసి నష్టపోయారు, ఎవరు ఆగి సాధించుకున్నారు అని అడగండి. ఈ నెలలో మీకు అవసరమైన సలహా ఆయన అనుభవంలోనే ఉంది. అలా అడిగినప్పుడు ఆయన మీకు డబ్బు ఇవ్వలేని తండ్రిగా కాక, దారి తెలిసిన మనిషిగా మాట్లాడతారు. ఆ తరువాత మీరు "నాన్నా, ఆరు నెలలు ఆగుదాం. నా జీతం ఆగిన రోజున మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం" అంటే వినే అవకాశం ఎక్కువ.

ఆ ఆరు నెలల్లో మీ జీతంలోంచి వీలైనంత పక్కన పెట్టి, కనీసం నాలుగు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా బ్యాంకులో ఉంచుకోండి. బ్రోకరుకు మీరు స్వయంగా "ఇప్పుడు అమ్మడం లేదు" అని చెప్పే ఏర్పాటు చేయండి. బయానా పేరుతో చిన్న మొత్తం తీసుకున్నా, అగ్రిమెంటు మీద సంతకం పడ్డాక వెనక్కి తగ్గితే కోర్టు దాకా పోవలసి రావచ్చు. కనుక నాన్నగారు ఏ కాగితం మీదా సంతకం చేయకుండా చూసుకోండి. మీ నియామక పత్రంలో నోటీసు గురించి, తొలగింపు గురించి ఉన్న షరతులను, తమ్ముడికి వచ్చిన కళాశాలలో మైనర్ ఉందో లేదో తెలుసుకుని రాయండి. కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే తేదీకి ముందే మీ ఉత్తరం అందితే, వాటిని చూసి మళ్లీ వివరంగా జవాబిస్తాను.